చలికాలం బీపీ వేరు, ఎండాకాలం బీపీ వేరు: టీనేజీ పిల్లలకు ఇంట్లో ఏడాది పొడుగునా ఎలా చూసుకోవాలి

డిసెంబరు తెల్లవారుజామున మహారాష్ట్రలోని మా బల్లార్పూర్‌లో చలి 10 డిగ్రీల దగ్గరికి దిగుతుంది. మే నెల మిట్టమధ్యాహ్నం ఇదే చంద్రపూర్ జిల్లాలో 47 డిగ్రీలు కూడా చూస్తాం. ఇంత తేడాను ఒళ్ళు పట్టించుకోకుండా ఉండదు. చలికి రక్తనాళాలు ముడుచుకుంటాయి, చెమట పట్టదు, తిన్న ఉప్పు ఒంట్లోనే నిలుస్తుంది, బీపీ పైకి పోతుంది. ఎండకు నాళాలు వదులవుతాయి, నీరూ ఉప్పూ చెమటలో పోతాయి, బీపీ కిందికి దిగుతుంది. పెద్దవాళ్ళను పరిశీలించి చెప్పిన లెక్క ప్రకారం చలికాలం కంటే ఎండాకాలంలో సగటున పై అంకె 5, కింది అంకె 3 తక్కువగా ఉంటాయి. పిల్లల్లో కూడా తీరు ఇదే. సగటు అలా ఉన్నా, ఒక్కో పిల్లవాడిలో తేడా ఇంతకంటే చాలా ఎక్కువ ఉండొచ్చు.

మా అబ్బాయికి 14వ ఏట బీపీ బయటపడింది. ఇప్పుడు వాడికి 17. మొదటి మే నెలలో మిషన్ మీద 114, 112 అని కనిపించేసరికి నయమైపోయిందనుకుని గోళీ మేమే ఆపేశాం. ఎవరినీ అడగలేదు. దీపావళి వారం వచ్చేసరికి వాడు తల పట్టుకుని కూర్చున్నాడు. చూస్తే 148/94. గోళీ వల్ల తగ్గింది కొంత, ఎండ వల్ల తగ్గింది కొంత. రెండింటినీ కలిపి నయమైందని లెక్కేసుకున్నాం. ఆ తప్పు మీరు చేయకూడదనే ఇదంతా రాస్తున్నాను.

ముందు మీ పిల్లవాడి అంకె ఏమిటో తెలుసుకోండి

13 ఏళ్ళు నిండినవాళ్ళకు లెక్క సులువు. 2017లో అమెరికా పిల్లల వైద్యుల సంఘం ఇచ్చిన కొలతలనే మన డాక్టర్లూ ఎక్కువగా చూస్తారు. 120/80 లోపుంటే మామూలు. పై అంకె 120 నుంచి 129 మధ్య, కింది అంకె 80 లోపు ఉంటే పెరగడం మొదలైందని. 130/80 నుంచి 139/89 దాకా మొదటి దశ. 140/90, ఆ పైన రెండో దశ. రెండు అంకెల్లో ఏది ఎక్కువ దశలో ఉంటే అదే దశ. 13 ఏళ్ళ లోపు పిల్లలకు ఈ లెక్క పనికిరాదు. వాళ్ళ వయసు, ఎత్తు, ఆడపిల్లా మగపిల్లవాడా చూసి పట్టికలో వెతకాలి, అది డాక్టర్ పని.

ఒక్కసారి ఎక్కువ వచ్చినంత మాత్రాన బీపీ ఉన్నట్టు కాదు. వేరువేరు రోజుల్లో మూడుసార్లు దవాఖానాలో చూశాకే బీపీ అని పేరు పెడతారు. తెల్లకోటు చూడగానే భయంతో పెరిగే పిల్లలున్నారు. అనుమానముంటే 24 గంటలు చేతికి కట్టే మిషన్ పెట్టి చూస్తారు. పేరు పెట్టాక మాత్రం కారణం వెతికారా అని అడగడం మీ బాధ్యత. ఈ వయసులో బీపీకి కొందరిలో బరువు కారణం, కొందరిలో కిడ్నీ. మూత్ర పరీక్ష, కిడ్నీల పనితీరు తెలిపే రక్తంలోని క్రియాటినిన్ పరీక్ష, అవసరమైతే కిడ్నీల స్కానింగ్ చేయించకుండా గోళీ ఒక్కటే రాసిస్తే, ఎందుకు అవసరం లేదో మర్యాదగా అడగండి. గోళీ మీద ఉన్న టీనేజీ పిల్లలకు చేరాల్సిన గురి 130/80 లోపు. మీ పిల్లవాడికి కిడ్నీ జబ్బుంటే గురి ఇంకా కిందికి ఉండొచ్చు, డాక్టర్ చేత చీటీ మీద రాయించుకోండి.

మిషన్ కంటే పట్టా ముఖ్యం

దర్జీ టేపు తీసుకోండి. కుడి చేతిని వదులుగా వేలాడదీయించి, భుజం ఎముకకూ మోచేతికీ సరిగ్గా మధ్యలో చుట్టుకొలత చూడండి. మిషన్‌తో వచ్చే, చేతికి చుట్టే మామూలు పట్టా సాధారణంగా 22 నుంచి 32 సెంటీమీటర్ల చేతికి సరిపోతుంది. మా వాడి చేయి 33 వచ్చింది. అంటే అంతకు ముందు రెండు నెలలు మేం చూసినవన్నీ ఉన్నదానికంటే ఎక్కువ చూపిన అంకెలే. బిగుతు పట్టా బీపీని ఎక్కువ చూపిస్తుంది, వదులు పట్టా తక్కువ చూపిస్తుంది. పెద్ద సైజు పట్టా విడిగా దొరుకుతుంది, అదే కంపెనీది, అదే మోడల్‌ది అడగండి. మణికట్టుకు పెట్టుకునే మిషన్లు కొనకండి.

కొన్న మిషన్‌ను తదుపరి సారి దవాఖానాకు తీసుకెళ్ళి డాక్టర్ మిషన్ పక్కన పెట్టి పోల్చండి. ఎండాకాలం దాన్ని రేకుల కింద, కిటికీ గూట్లో పెట్టొద్దు. ఇంట్లో అన్నిటికంటే చల్లని గదిలో, బట్టల అలమరలో ఉండనివ్వండి.

కొలిచే వారం

రోజూ కొలవాల్సిన పని లేదు. రోజూ కొలిస్తే పిల్లలకు విసుగు, మనకు దిగులు. డాక్టర్ వేరేగా చెప్పకపోతే, ఏడాదికి నాలుగు వారాలు శ్రద్ధగా కొలిస్తే కాలం తీరు తెలిసిపోతుంది.

ఆ వారంలో పొద్దున గోళీ వేయకముందు, టిఫిన్ తినకముందు రెండుసార్లు, నిమిషం తేడాతో. రాత్రి అన్నానికి ముందు మళ్ళీ రెండుసార్లు. మూత్రానికి వెళ్ళి రావాలి. చాయ్ తాగి అరగంట కావాలి. కుర్చీలో వీపు ఆనించి, రెండు పాదాలు నేలకు ఆనించి, కాలు మీద కాలు వేయకుండా ఐదు నిమిషాలు ఊరికే కూర్చోవాలి. ఫోన్ చేతిలో ఉండకూడదు, ఇదే అన్నిటికంటే కష్టం. చేయి గుండె ఎత్తులో బల్ల మీద ఉండాలి. కుడి చేయే ఎందుకంటే, పిల్లల పట్టికలన్నీ కుడి చేతి కొలతలతో తయారైనవి. కొలుస్తున్నంత సేపు మాటల్లేవు.

కాలాన్ని బట్టి ఇక్కడే రెండు జాగ్రత్తలు. చలిరోజుల్లో స్వెటర్ తీసేయించండి, స్వెటర్ చేతిని పైకి మడిచి బిగిస్తే పట్టా సరిగ్గా పని చేయదు. గది మరీ చల్లగా ఉంటే తలుపులు వేసి, పిల్లవాణ్ణి దుప్పటి కప్పి కాసేపు కూర్చోబెట్టి, చేతివేళ్ళు వెచ్చబడ్డాక కొలవండి. ఎండాకాలం సైకిల్ మీద ట్యూషన్ నుంచి రాగానే కొలవొద్దు. నీళ్ళు తాగి, కూలర్ దగ్గర అరగంట కూర్చున్నాకే.

మొదటి రోజు అంకెలు వదిలేసి, మిగతా ఆరు రోజులవి కలిపి సగటు తీయండి. నోటుబుక్కులో అంకెల పక్కన మా వాడి చేతే మూడు చిన్న మాటలు రాయిస్తాను: ఎండా, చలా, ముసురా, రాత్రి నిద్ర పట్టిందా, గోళీ వేసుకున్నాడా. మే 18 పేజీలో "కూలర్ ఖరాబు, నిద్ర లేదు" అని వాడి చేతిరాత ఉంది. ఆ ఒక్క మాట చూసే డాక్టర్ గోళీ పెంచకుండా ఆగారు.

ఎండాకాలం: అంకె తగ్గితే సంబరపడొద్దు, కంగారూ వద్దు

ఈ కాలంలో జరిగే పొరపాట్లు రెండు. ఒకటి మేం చేసిందే, చెప్పాపెట్టకుండా గోళీ మానేయడం. రెండోది, తగ్గిపోయి కళ్ళు తిరుగుతున్నా అలాగే వేస్తూ పోవడం.

రెండో ఏడాది మేలో మంచం మీది నుంచి లేస్తూ మా వాడు గోడ పట్టుకున్నాడు. "అమ్మా, లేస్తే కండ్లు తిరుగుతున్నయే" అన్నాడు. ఇలాంటప్పుడు చేయాల్సింది: కూర్చోబెట్టి ఒకసారి కొలవండి. నిలబెట్టి, పక్కన మీరు పట్టుకుని, ఒక నిమిషం తర్వాత ఒకసారి, మూడు నిమిషాల తర్వాత ఒకసారి కొలవండి. నిలబడ్డాక పై అంకె 20 లేదా అంతకంటే ఎక్కువ, లేదా కింది అంకె 10 లేదా అంతకంటే ఎక్కువ పడిపోతే ఆ రోజే డాక్టర్‌కు ఫోన్ చేయండి. గోళీ మోతాదు తగ్గించాలా, వేళ మార్చాలా అనేది వాళ్ళే చెప్తారు. మా వాడికి సగానికి తగ్గించి, దీపావళికి ముందు తిరిగి పెంచారు. ఇది వాడి లెక్క, మీ పిల్లల లెక్క వేరు కావొచ్చు.

ఏ గోళీ వాడుతున్నారో పేరు తెలుసుకుని ఉండాలి. ఎనలాప్రిల్, లోసార్టాన్, టెల్మిసార్టాన్ లాంటి బీపీ గోళీలు, మూత్రం ఎక్కువ పోయించే గోళీలు వాడే పిల్లలకు ఒంట్లో నీరు తగ్గితే కిడ్నీల మీద దెబ్బ పడుతుంది. వాంతులూ విరేచనాలూ పట్టుకున్న రోజు, నీళ్ళు కూడా నిలవని రోజు, గోళీ వేసే ముందే ఫోన్ చేసి అడగండి. ఆమ్లోడిపిన్ అనే బీపీ గోళీ వాడేవాళ్ళకు వేడికి చీలమండలు ఉబ్బొచ్చు. అది కూడా చెప్పాల్సిన విషయమే.

తాగడానికి ఏం ఇవ్వాలి? ముందు మంచినీళ్ళు. ఉప్పు వేయని పలుచటి చల్ల, జొన్న అంబలి. ఇక్కడ పక్కింటి మరాఠీ వాళ్ళు ప్రేమతో ఇచ్చే మామిడికాయ పన్హే మంచిదే, కానీ దాంట్లో ఉప్పు దట్టంగా ఉంటుంది, ఒక చిన్న గ్లాసుతో ఆపండి. ఓఆర్ఎస్ గురించి గట్టిగా చెప్పాలి. లీటరు నీళ్ళలో కలిపే ఒక్క ప్యాకెట్‌లో 2.6 గ్రాముల ఉప్పు ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్ళకు రోజంతటికీ చెప్పే హద్దే 5 గ్రాముల లోపు. అందుకని బీపీ ఉన్న పిల్లలకు ఓఆర్ఎస్ ఎండాకాలపు షర్బత్తు కాదు. విరేచనాలు పట్టుకుంటే మాత్రం మానకండి, అప్పుడు అదే మందు. కిడ్నీ జబ్బున్న పిల్లలకు నీళ్ళ లెక్క, కొబ్బరినీళ్ళ లెక్క కూడా డాక్టరే చెప్పాలి. కొబ్బరినీళ్ళలో పొటాషియం ఎక్కువ.

ఆవకాయ పెట్టేదీ ఈ రోజుల్లోనే. జాడీ నింపేటప్పుడే ఆ పిల్లవాడి వాటా ఎంతో ఇంట్లో అందరికీ చెప్పి పెట్టుకోండి. కంచంలో ఊరగాయ కడిగి వేసినా ముక్కలోకి దిగిన ఉప్పు పోదు. మా ఇంట్లో అప్పటికప్పుడు కలిపే మామిడి తురుము పచ్చడి, ఉప్పు వేయకుండా కారం, వేయించిన నువ్వులు, నిమ్మరసంతో, వాడి కోసం వేరే గిన్నెలో ఉంటుంది. మొదటి వారం ముఖం చిట్లించాడు. మూడో వారానికి అలవాటైంది.

ఇంకొకటి. ఇక్కడి మే నెల రాత్రులు కూడా చల్లబడవు. నిద్ర చెడితే రాత్రి బీపీ దిగాల్సినంత దిగదు. పగటి అంకె బాగుందని రాత్రిదీ బాగుందనుకోవద్దు. కరెంటు పోయినా గాలాడే చోట పడుకోబెట్టండి. కబడ్డీ, క్రికెట్ పొద్దున ఏడు లోపు ముగించండి. రెండో దశలో ఉండి ఇంకా అదుపులోకి రాని పిల్లలు బరువులెత్తడం, పోటీ ఆటలు ఆడటం డాక్టర్ ఒప్పుకునే దాకా ఆపాలి. నడక మాత్రం ఆపక్కర్లేదు.

ఎండలో తిరిగొచ్చిన పిల్లవాడు పొంతన లేకుండా మాట్లాడుతున్నా, ఒళ్ళు కాలిపోతున్నా అది వడదెబ్బ. నీడకు చేర్చి, ఒళ్ళంతా తడిపి, గాలి విసురుతూ 108కి ఫోన్ చేయండి. బీపీ కొలుస్తూ కూర్చోవద్దు.

వానాకాలం: పుండ్లను చిన్నచూపు చూడొద్దు

ఈ కాలంలో అంకెలు పెద్దగా ఊగవు. ప్రమాదం వేరే దారిన వస్తుంది. ముసురు రోజుల్లో కాళ్ళ మీద గజ్జి, చీముపుండ్లు లేచి మానిపోతాయి. మానిన మూడు నుంచి ఆరు వారాలకు కొందరు పిల్లల్లో పొద్దున లేవగానే ముఖం, కళ్ళ కింద ఉబ్బు, చాయ్ డికాషన్ రంగులో మూత్రం, మూత్రం తగ్గడం కనిపిస్తాయి. పుండులోని సూక్ష్మజీవి వల్ల కిడ్నీల్లో వాపు వచ్చి బీపీ ఒక్కసారిగా ఎగబాకే జబ్బు అది. గొంతునొప్పి తర్వాతైతే ఒకటి నుంచి మూడు వారాల్లోనే రావొచ్చు. అదివరకు బీపీ లేని పిల్లలకూ వస్తుంది. ఈ గుర్తులు కనిపిస్తే అదే రోజు దవాఖానాకు వెళ్ళాలి, మూత్రం పరీక్ష చేయించాలి.

ఒళ్ళునొప్పులకూ జ్వరానికీ మెడికల్ షాపులో అడిగి డైక్లోఫెనాక్, ఇబుప్రోఫెన్ వేయకండి. అవి బీపీని పెంచుతాయి, కిడ్నీకి మంచివి కావు, డెంగీ జ్వరమైతే రక్తస్రావానికి దారి తీస్తాయి. పారాసిటమాల్ సరైన మోతాదులో ఇచ్చి రక్తపరీక్ష చేయించండి. పక్క గడ్చిరోలి జిల్లాలో సిరొంచా వైపు అడవి ఊళ్ళలో ఉన్నవాళ్ళకు మలేరియా పరీక్ష సంగతి నేను చెప్పక్కర్లేదు.

చలికాలం: బీపీ అసలు తిరగబెట్టేది ఇప్పుడే

దీపావళి ఫరాళ్‌తో, అంటే పండగ పిండివంటలతో మొదలవుతుంది. చకలీ, శేవ్, చివ్‌డా డబ్బాలు ఇంటింటికీ తిరుగుతాయి, అన్నిట్లోనూ ఉప్పే. వద్దనడం మన మర్యాద కాదు, తీసుకోండి. పిల్లవాడికి ఒక చిన్న గిన్నెలో ఒకసారే పెట్టి డబ్బా పైన పెట్టేయండి. చలికి చెమట పట్టదు కాబట్టి తిన్న ఉప్పు బయటికి పోయే దారి తగ్గుతుంది. అన్నంలోకి నంజుకునే చల్లమిరపకాయలు, అప్పడాలు, ఠేచా అనే పచ్చిమిర్చి పచ్చడి కూడా ఇదే లెక్కలోకి వస్తాయి.

సర్ది పట్టగానే మెడికల్‌లో ఇచ్చే రంగు గోళీలను తిప్పి, వెనక ఏముందో చదవండి. ఫెనిలెఫ్రిన్, సూడోఎఫెడ్రిన్ అనే పేర్లుంటే తిరిగి ఇచ్చేయండి. ముక్కు విప్పే ఆ మందులు ఒంట్లో రక్తనాళాలను బిగించి బీపీని పెంచుతాయి. ఉప్పునీటి చుక్కలు, ఆవిరి చాలు, ఆవిరి పట్టేటప్పుడు వేడినీళ్ళు ఒలకకుండా పెద్దవాళ్ళు పక్కనుండాలి. ఇంకో విషయం చాలామందికి తెలియదు. దగ్గుకు కాచే కషాయంలో అతిమధురం వేస్తారు కదా, అది రోజూ తాగితే ఒంట్లో ఉప్పును నిలిపి, పొటాషియం తగ్గించి, బీపీ పెంచుతుంది. అల్లం, మిరియాలు, తులసితో కాచుకోండి, అతిమధురం మాత్రం వద్దు.

తెల్లవారుజామున దుప్పట్లోంచి లేపి నేరుగా చన్నీళ్ళు పోయొద్దు. గోరువెచ్చని నీళ్ళు, తలకు టోపీ, కాళ్ళకు సాక్సులు. చలిమంట దగ్గర కూర్చోవడం హాయే, పొగ మాత్రం పీల్చనివ్వద్దు, గది మూసి కుంపటి అసలే పెట్టొద్దు. చలి అని ఆటలు మానిపించకండి. ఎండ కాస్త ఎక్కాక, లేదా సాయంత్రం ఐదులోపు, వారంలో కనీసం మూడు నుంచి ఐదు రోజులు, అరగంట నుంచి గంట చెమట పట్టేలా ఆడాలి. చలికాలంలో పెరిగే బరువు వేసవిలో అంత తేలిగ్గా దిగదు.

చలి పోయే వేళకే మహారాష్ట్ర బోర్డు పన్నెండో తరగతి, పదో తరగతి పరీక్షలు మొదలవుతాయి. నిద్ర తక్కువ, చాయ్ ఎక్కువ, భయం సరేసరి. ఆ రెండు నెలలు అంకె పెరిగితే మోతాదు మార్చమని తొందరపడే ముందు ఎన్ని గంటలు పడుకుంటున్నాడో చూడండి. రాత్రి పదకొండు తర్వాత దీపం ఆర్పేయమని నేను గొడవ పడ్డాను, ఇప్పటికీ పడతాను.

ఎప్పుడు ఆగకుండా పరుగెత్తాలి

180/120 లేదా ఆ పైన వస్తే, లేదా అంకె ఎంతైనా సరే భరించలేని తలనొప్పి, చూపు మసకబారడం, ఆగని వాంతులు, ఛాతీనొప్పి, ఆయాసం, ఫిట్స్, మాట తడబడటం ఉంటే, గోళీ ఇంకొకటి వేసి చూద్దామనుకోకుండా 108. మహారాష్ట్ర, తెలంగాణ సరిహద్దుకు ఇటూ అటూ అదే నంబరు.

రెండు వైపులా వైద్యం చేయించుకునేవాళ్ళకు

ఇక్కడి తెలుగువాళ్ళలో చాలామంది చంద్రపూర్ వైద్య కళాశాల దవాఖానాలో చూపిస్తారు, సెలవులకు మంచిర్యాల, కాగజ్‌నగర్ వెళ్ళినప్పుడు అక్కడ ఇంకొకరికి చూపిస్తారు. ఒక చీటీ మీద ఒక కంపెనీ పేరు, ఇంకో చీటీ మీద ఇంకో కంపెనీ పేరు ఉంటాయి, లోపల మందు ఒకటే. మాకు తెలిసిన ఒక ఇంట్లో అలా ఒకే మందు రెండింతలు వేసి, పిల్ల రెండు రోజులు మంచం దిగలేదు. కంపెనీ పేరు కాదు, అసలు మందు పేరు, ఎన్ని మిల్లీగ్రాములో తెలుగులో నోటుబుక్కు మొదటి పేజీలో రాసుకోండి. ఆ పేజీ చూపించకుండా ఎవరి దగ్గరా కొత్త చీటీ రాయించుకోవద్దు.

ఇక తేదీలు. మా వంటింట్లో మేకుకు తెలుగు క్యాలెండర్, దాని పక్కనే కాలనిర్ణయ్ అనే మరాఠీ క్యాలెండర్ వేలాడుతుంటాయి. రెండిట్లోనూ నాలుగు వారాలకు ఎర్ర పెన్నుతో గుండ్రం చుట్టి ఉంటుంది: సంక్రాంతి దాటిన వారం, మే మొదటి వారం, పోళా వారం, అంటే మనం పొలాల అమావాస్య అనేది, ఆపైన దీపావళి వెళ్ళిన వారం. డాక్టర్ దగ్గరికి మాత్రం ఎండలు ముదరకముందు హోలీ తర్వాత ఒకసారి, చలి దిగకముందు దసరా తర్వాత ఒకసారి, పిలవకపోయినా వెళ్తాం. నోటుబుక్కు, మిషన్, పెద్ద పట్టా, అయిపోవచ్చిన గోళీల అట్ట, నాలుగూ ఒకే సంచిలో ఉంటాయి. ఆ సంచి తలుపు వెనక కొక్కేనికే ఉంటుంది.